రెండు సంతకాల కోబన్న

మూడు వారాలుగా తన ఇంట్లో జొన్నసంకటి తింటున్న మనిషి సాగర్ డ్యాం చూడ్డానికొచ్చిన ఇంజనీరు కాడని హజ్రా బీకి ఎప్పుడో తెలిసిపోయింది. ఊరు ఊరంతా "కోబన్నా, కోబన్నా" అని అరుస్తుంటే తెలియకుండా ఎలా ఉంటుంది? కొడుకు చాంద్ బాషా తనతో అబద్ధమాడాడని నాలుగు రోజులు వాడితో మాట్లాడటం మానేసింది. తర్వాత సర్దుకుంది. కానీ ఇవాళ పొద్దున పరుపు ఎండలో వేద్దామని ఎత్తితే దాని కింద రెండు ఇంగ్లీషు కాగితాలు కనిపించాయి. వాటిని కొంగులో దాచుకుని గోడవతల ఉన్న పార్వతమ్మ టీచరు దగ్గరికి వెళ్లింది. పార్వతమ్మ మొదటిది చదివింది. రెండోది చదివింది. అనుమానమొచ్చి మళ్లీ మొదటిది చదివింది. చివరికి కళ్లజోడు తీసి, "అక్కా, ఇతను ఇద్దరికి మాటిచ్చాడు" అంది.

"ఇద్దరికా? ఎవరికి?" అంది హజ్రా బీ.

"కలకత్తాలో రెండు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులంట. ఈ ఏడాదంతా మీకే ఆడతానని ఒక క్లబ్బుకి ఫిబ్రవరి పదకొండున రాసిచ్చాడు. పదిహేనో తారీఖున ఇంకో క్లబ్బుకి అదే మాట రాసిచ్చాడు. క్వాబెనా అడొమాకో, ఘనా దేశం అని, అంటే మన కోబన్నేగా, రెండింట్లోనూ సంతకం ఒకటే."

హజ్రా బీ ఆ రెండు సంతకాల మీదా వేలు పెట్టి చూసింది. ఆమెకు చదువు రాకపోయినా గీతలు పోల్చుకోవడం వచ్చు. రెండూ ఒకేలా ఉన్నాయి, తోకలతో సహా.

"ఒకే పిల్లని రెండిళ్లకి ఖాయం చేసినట్టుంది గదమ్మా ఇది! చూత్తే అట్టాంటి మనిషిలా లేడే. తిన్న పళ్లెం తనే కడుగుతాడు. నేను నీళ్లు తోడితే చేద లాక్కుంటాడు."

"నాకూ అదే అర్థం కావట్లేదక్కా."

పార్వతమ్మ మునిసిపల్ బాలికల పాఠశాలలో లెక్కల టీచరు. తేల్చి చెప్పడం ఆమెకు అలవాటు. అలాంటి మనిషే అర్థం కావట్లేదంటే హజ్రా బీ ఆ కాగితాలు మడిచి మళ్లీ కొంగులో దోపుకుంది.

బయట వీధిలో అప్పుడే జనం చేరుతున్నారు. సాయంత్రం ఐదింటికి నరసరావుపేట కాలేజీ గ్రౌండులో గుంటూరు జట్టుతో ఫైనల్. కోబన్న ఇంట్లోంచి బయటికి రావడం చూడాలని మధ్యాహ్నం పన్నెండింటికే వచ్చి గోడనీడన కూర్చున్నారు. గ్రౌండులో కుర్రాళ్లని చూసి ఆగలేక తనూ బంతాడి, ఊరి జట్టులో చేరిన నాటినుంచి ఇది రోజూ ఉండే తంతే. అతను క్షౌరానికెళ్తే ఆ రోజు మంగలి వీరయ్య కొట్టు ముందు ట్రాఫిక్ ఆగిపోయింది. ఆదివారం చర్చికెళ్తే పాస్టరు గారు ప్రసంగం మధ్యలో ఆపి, వెనక బెంచీలవాళ్లని కూర్చోమని బతిమాలుకోవాల్సి వచ్చింది. రిక్షా టాపుల మీద ఎనిమిదో నంబరు పడింది, ఎందుకంటే అతని చొక్కా నంబరు ఎనిమిది. బరంపేటలో ఒకావిడ పుట్టిన పిల్లాడికి కోబయ్య అని పేరు పెట్టిందని కూడా చెప్పుకుంటున్నారు.

"ఇంతకీ ఎన్ని గోల్సు కొట్టాడమ్మా ఇతను?" అని అడిగింది హజ్రా బీ. ఆమె ఇంతవరకు ఒక్క ఆటా చూడలేదు.

పార్వతమ్మ నవ్వింది. "ఒక్కటి కూడా లేదు."

"ఒక్కటీ లేదా! మరి ఈ జనానికి ఏం పట్టింది?"

"మొన్న సెమీఫైనల్‌కి మా పిల్లల్ని తీసుకెళ్లానుగా, అప్పుడు చూశా. ఇతను మధ్యలో ఆడతాడు. మన జట్టులో ఎడమపక్క నాగేశ్వరరావు గారి అబ్బాయి, కుడిపక్క వెంకట్రామయ్య గారి మేనల్లుడు. ఆ రెండిళ్లకీ ఎన్నేళ్లనుంచి పచ్చగడ్డి వేత్తే భగ్గుమంటదో నీకు తెలుసు. పోయిన ఎలక్షన్లలో తలకాయలు పగలగొట్టుకున్నారు. వాళ్లిద్దరూ ఒకే జట్టులో ఉన్నా ఒకడికొకడు బంతి ఇచ్చేవాళ్లు కాదు. చచ్చినా ఇచ్చేవాళ్లు కాదు. ఇతనొచ్చాక ఆ ఎడమవాడు ఇతనికిత్తాడు, ఇతను తిప్పి కుడివాడికిత్తాడు. కుడివాడు మళ్లీ ఇతనికే. ఇతనెవరో ఏ ఇంటోడో తెలీదుగా, ఇత్తే తప్పులేదు. జనం దానికే చప్పట్లు కొడతన్నారు. గోలుకి కూడా అంత కొట్టటంలా."

హజ్రా బీకి ఇది వింటే ఇంకా తికమకైంది. అక్కడ ఇద్దరికి మాటిచ్చి తప్పినవాడు, ఇక్కడ ఇద్దరి మధ్య నిలబడి బంతి నడుపుతున్నాడు. ఇందులో ఏ మనిషి నిజం?

ఆమె ఇంటికి తిరిగొచ్చేసరికి వాకిట్లో జీపు ఆగి ఉంది. టోర్నమెంటు కమిటీ ప్రెసిడెంటు అమరేశ్వరరావు అరుగు మీద కూర్చుని తువ్వాలుతో విసురుకుంటున్నాడు. ఆయనకు నలభై ఎకరాల మాగాణి, పత్తి వ్యాపారం ఉన్నాయి. మండలాధ్యక్ష పదవి వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఆ లోటు ఈ టోర్నమెంటుతో తీర్చుకుంటున్నాడని గిట్టనివాళ్లంటారు.

"హజ్రమ్మా, మనోడు లేచాడా?"

"పడుకోనున్నాడు బాబూ. ఎండన పడి ఎందుకొచ్చారు?"

ఆయన గొంతు తగ్గించాడు. "గుంటూరు నుంచి ఫోనొచ్చింది. కలకత్తావాళ్లు దిగారంట. పోయిన వారం పేపర్లో ఇతని ఫొటో పడిందిగా, అది చూసి పట్టేశారు. ఒకళ్లు కాదు, రెండు గుంపులు. ఒకళ్లు మావాడంటారు. ఇంకొకళ్లు కాదు మావాడంటారు. మనమేమో మావాడని మైకులో ఊదరగొడతన్నాం. నాకైతే బుర్ర పనిచెయ్యట్లా."

"మరేం చేద్దారి?"

"ఆట అయ్యేదాకా ఎవుర్నీ ఇంట్లోకి రానీమాక. నాలుగింటికి జీపు పంపుతా, దాని మీద నిలబెట్టి ఊరేగింపుగా తీసుకుపోతాం. గ్రౌండులో పదివేల మంది ఉంటారు. కోబన్న రాలేదంటే ఆ జనం నన్ను బతకనియ్యరు. నీ ఇంటి మీదికీ వత్తారు. ఆ మాట నోటితో అనటం నాకిష్టం లేదు గానీ, చెప్పక తప్పదు. చాంద్ బాషా యాడ?"

"పొద్దున్నే కారంపూడి పోయాడు. ఎవరిదో ఆయిల్ ఇంజన్ మొరాయించిందంట. ఆటకి నేరుగా వత్తానన్నాడు."

"సరే, చూసుకో," అని అమరేశ్వరరావు జీపెక్కాడు. వీధిలో జనం "కోబన్న ఎప్పుడొత్తాడయ్యా?" అని జీపు వెంటపడ్డారు.

హజ్రా బీ తలుపు దగ్గరికేసి లోపలికి నడిచింది. అతను నిద్రపోవడం లేదు. నులకమంచం మీద కూర్చుని చాంద్ బాషా పట్టకారుతో బూట్ల అడుగున మేకులు బిగిస్తున్నాడు. ఆమెను చూసి చిన్నగా నవ్వాడు. ఆమె నవ్వలేదు. కొంగులోంచి కాగితాలు తీసి మంచం మీద పక్కపక్కన పరిచింది.

"ఇవేంది బేటా?"

వాళ్లిద్దరికీ భాష సగమే కలుస్తుంది. ఆమెది పల్నాటి ఉర్దూ. అతనిది మూడేళ్లు కలకత్తా మైదానాల్లో నేర్చుకున్న హిందీ. మిగిలిన సగం చేతులతో లాక్కొస్తారు. ఆమెను అతను "మాషీ" అంటాడు. అది వాళ్ల దేశం మాటేమోనని ఆమె చాలారోజులు అనుకుంది. అది బెంగాలీలో పిన్ని అని పార్వతమ్మే చెప్పింది.

అతను పట్టకారు కింద పెట్టాడు. కాగితాలను ముట్టుకోలేదు.

"ఎవరు చదివారు మాషీ?"

"పంతులమ్మ చదివింది. ఎవరు చదివితే ఏంది? రెండూ నువ్వే రాశావా?"

"రెండూ నేనే."

అబద్ధమాడతాడేమోనని ఆమె సిద్ధపడి వచ్చింది. అతను అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి గుమ్మం మీద చతికిలబడింది.

"మొదటిది ఆఫీసులో రాశాను," అన్నాడతను. "కుర్చీలో కూర్చుని, టీ తాగి, ఇష్టంగా రాశాను. తర్వాత రెండోవాళ్లు భోజనానికి పిలిచారు. ఒక సందులో పాత ఇల్లు. చేపల కూర పెట్టారు. తిని లేచేసరికి తలుపుకి బయట గడియపడింది. మూడు రోజులు ఉంచారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు మాషీ. కొట్టలేదు, తిట్టలేదు. వాళ్ల పిల్లలు నాతో క్యారమ్స్ ఆడారు. ముసలాయన ఒకాయన నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు, మా క్లబ్బుకి రా నాయనా, నేను చచ్చేలోగా ఒక్కసారి కప్పు చూడాలి అని. నాలుగో రోజు సంతకం పెట్టాను."

"అయ్యో అల్లా! కలకత్తాలో ఇట్టా చేత్తారా?"

"ఏటా ఈ రోజుల్లో చేస్తారు. ఈ నెలాఖరుకి ఏ ఆటగాడు ఎవరికి ఆడతాడో పేర్లు రాయించుకోవాలి. ఆ రోజుదాకా ఎవరి మనిషిని వాళ్లు దాచుకుంటారు. లేకపోతే పక్కవాళ్లు ఎత్తుకుపోతారు."

హజ్రా బీ మెల్లగా ఒక్కో ముక్కా కలుపుకుంది. విజయవాడలో స్పేరుపార్టులు అమ్మే షావుకారు చాంద్ బాషాని పిలిచి, ఈయన్ని నెలరోజులు మీ ఇంట్లో పెట్టుకో అన్నాడు. ఆ షావుకారుకి కలకత్తాలో బంధువులున్నారు. అంతవరకు ఆమెకు తెలుసు.

"మా ఇంటికి పంపింది మొదటోళ్లే గదా? నిన్ను ఆ తలుపేసినోళ్ల నుంచి కాపాడటానికి?"

అతను తల అడ్డంగా ఊపాడు. "కాదు మాషీ. రెండోవాళ్లే పంపారు."

గోడ మీద బల్లి అరిచింది. బయట ఎవడో కుర్రాడు "ఎనిమిది! ఎనిమిది!" అని కేకేస్తే పది గొంతులు అందుకున్నాయి.

"అంటే, వాళ్లు గడియపెట్టింది ఒక ఇల్లు. అక్కణ్ణుంచి తెచ్చి పెట్టింది ఇంకో ఇల్లు. ఆ ఇల్లు నాదా? ఇన్నాళ్లూ నీకు అన్నం పెడతన్నానని మురిసిపోయానే, నేను చేసింది కాపలానా?"

"లేదు, లేదు," అని అతను మంచం దిగి నేల మీద కూర్చున్నాడు. "మొదటి రోజు అలాగే అనుకున్నాను. తెల్లారి లేచి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది. నువ్వు వాకిలి ఊడుస్తున్నావు. నన్ను చూసి లోపలికి పొమ్మంటావనుకున్నాను. నువ్వు వేపపుల్ల విరిచి చేతిలో పెట్టావు. ఆ మధ్యాహ్నం సంకటి ముద్ద, వేరుశనగ పచ్చడి పెట్టావు. మా అమ్మ కూడా ముద్దే చేస్తుంది మాషీ. వేరుశనగ పులుసుతో తింటాం. కలకత్తాలో మూడేళ్లలో నాకు ఆ ముద్ద దొరకలేదు."

"అది సరే. ఇప్పుడు నీకెవరు కావాలి? టీ ఇచ్చినోళ్లా, చేపల కూర పెట్టినోళ్లా?"

అతను నవ్వబోయి ఆగాడు. చాలాసేపు బూటు అడుగున ఉన్న మట్టి గోళ్లతో గీకుతూ కూర్చున్నాడు.

"తెలియదు. నిజంగా తెలియదు. అక్కడ ఒకరి చొక్కా వేసుకుంటే ఊళ్లో సగం మంది దండలేస్తారు, సగం మంది ఉమ్మేస్తారు. పోయినేడు నేను బంతి తప్పుగా ఇచ్చి మేం ఓడిపోయాం. మా జట్టు అభిమానులే వచ్చి నా గది కిటికీలు పగలగొట్టారు. మర్నాడు వాళ్లే వచ్చి కొత్త అద్దాలు బిగించారు. బిగిస్తూ ఏడ్చారు. నేనంటే ప్రేమో, కోపమో, నాకు ఇప్పటికీ తెలియదు. ఇక్కడ చూస్తే ఆఫ్‌సైడ్ అంటే ఏంటో ఒక్కరికీ తెలియదు. నేను పక్కవాడికి బంతి ఇస్తే చాలు, గోలు కొట్టినవాణ్ణి వదిలేసి నన్నెత్తుకుంటారు. ఇదీ అర్థం కాదు. అర్థం కాకపోయినా ఇక్కడ రోజూ ఆడాలనిపిస్తుంది."

హజ్రా బీ అతని ముఖంలోకి చూసింది. పెద్ద శరీరం, ముఖం మాత్రం పాతికేళ్లు నిండని కుర్రాడిది. అడగాల్సింది ఇంకొకటి ఉందని ఆమెకు తోచింది. ఆమె చెల్లెలి కొడుకు దుబాయిలో ఉన్నాడు. పరాయి దేశంలో మనిషిని కట్టిపడేయాలంటే గొలుసులక్కర్లేదని, ఒక్క పుస్తకం లాక్కుంటే చాలని వాడు ఉత్తరాల్లో రాస్తుంటాడు.

"నీ పాస్‌పోర్టు యాడుంది?"

అతని చేతిలో బూటు ఆగింది.

"చాంద్ దగ్గర ఉంది. పెట్టెలో దాచాడు."

"దాచాడా?"

అతను తల దించుకున్నాడు.

హజ్రా బీకి ముఖంలోకి రక్తం తన్నుకొచ్చింది. తన కొడుకు! అతనితో ఒకే పళ్లెంలో అన్నం తింటూ, భాయ్ భాయ్ అని భుజం మీద చేయి వేసుకుని ఊళ్లో తిరుగుతూ, అతని పాస్‌పోర్టు పట్టుకుని కూర్చున్నాడా? ఆమె లేచి వసారాలోకి వెళ్లింది. అక్కడ చాంద్ బాషా పనిముట్ల ఇనప్పెట్టె ఉంది. తాళం చెవి వాడి మొలతాడుకే ఉంటుంది. ఆమె మూలనున్న సుత్తి అందుకుంది.

"మాషీ, వద్దు!" అని అతను వెనకే వచ్చాడు. "వద్దు, ఉండనీ."

"నువ్వు ఊరుకో బేటా."

మొదటి దెబ్బ గురి తప్పి పెట్టెకు తగిలింది. రెండో దెబ్బకు తాళం వంగింది. మూడోదానికి ఊడి కింద పడింది. పానాలు, పాత బేరింగులు, గ్రీజు గుడ్డలు పక్కకు నెట్టి చూస్తే అడుగున ప్లాస్టిక్ కవరులో చుట్టిన చిన్న పుస్తకం కనిపించింది. ఆమె దాన్ని కొంగుతో తుడిచి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని వేడి గిన్నె పట్టుకున్నట్టు వేళ్ల కొసలతో పట్టుకున్నాడు.

"నా ఇల్లు ఎవరికీ జైలు కాదు," అంది హజ్రా బీ. రొప్పుతోంది. "ఉంటావో పోతావో నీ ఇట్టం. టీ ఇచ్చినోళ్ల దగ్గరికి పోతావో, ఇంకెక్కడికైనా పోతావో, అదీ నీ ఇట్టమే. ఆ అమరేశ్వరరావు బాబు కోసమో, బయట జనం కోసమో, నా కొడుకు కోసమో ఉండమాక. వాళ్లు నన్ను అంటే నేను పడతా."

అతను ఆమె కుడిచేతిని అందుకుని తన నుదుటికి ఆనించుకున్నాడు. చేయి వదిలేటప్పుడు అతని కళ్లలో ఆమెకు సంతోషం కనిపించలేదు. భయంలాంటిదేదో కనిపించింది. ఆ క్షణంలో దాన్ని ఆమె పట్టించుకోలేదు.

నాలుగింటికి జీపు వచ్చింది. అతను ఎనిమిదో నంబరు చొక్కా తొడుక్కుని, చిన్న బట్టసంచీ భుజానికి తగిలించుకుని బయటికొచ్చాడు. వీధి ఒక్కసారి కేకలతో నిండిపోయింది. "ఎక్కన్నా, ఎక్కు!" అని జీపు డ్రైవరు బానెట్టు చూపించాడు. అతను దండం పెట్టి నడవడం మొదలుపెట్టాడు. వెనక ఖాళీ జీపు మెల్లగా కదిలింది. దాని మీది మైకు మాత్రం కోబన్న ఇదిగో వస్తున్నాడని చెబుతూనే ఉంది.

హజ్రా బీ ఇంట్లో నిలవలేకపోయింది. పార్వతమ్మను తోడు తీసుకుని, బురఖా వేసుకుని గ్రౌండుకు బయల్దేరింది.

ఆడవాళ్లకి ఒక పక్కన షామియానా వేశారు. అక్కడి నుంచి చూస్తే గ్రౌండు చుట్టూ మనుషులే. గోడల మీద, లారీ టాపుల మీద, కాలేజీ మేడ మీద కూడా ఉన్నారు. పార్వతమ్మ ముందువరస కుర్చీల వైపు చూపించింది.

"అక్కా, ఆ చివర తెల్ల పంచె, పక్కన సఫారీ సూటు, వాళ్లొక క్లబ్బంట. ఈ చివర గొడుగేసుకున్న లావాటాయన, ఆయన మనుషులు ఇద్దరు, ఇంకో క్లబ్బు. అమరేశ్వరరావు గారు ఎవుర్నీ కాదనలేక రెండు పక్కలా కుర్చీలేయించాడు. ఇద్దరికీ సోడాలు పంపాడు."

"టీ ఇచ్చినోళ్లు ఎవరు, చేపల కూరోళ్లు ఎవరు?"

"నాకెట్టా తెలుత్తుంది?"

ఆట మొదలైంది. హజ్రా బీకి మొదట పరుగులు తప్ప ఏమీ అర్థం కాలేదు. అందరూ బంతి వెంట పోతుంటే కోబన్న మాత్రం తీరిగ్గా ఎటో చూస్తూ నడుస్తున్నట్టు కనిపించాడు. ఒళ్లొంచి ఆడడేం వీడు అనుకుందామె. కానీ చూస్తుండగా బంతి ఎటు పోయినా చివరికి అతని దగ్గరికే వచ్చింది. వచ్చిందే తడవుగా అతను దాన్ని ఇంకొకరికి ఇచ్చేశాడు. ఉంచుకోలేదు. నాగేశ్వరరావు కొడుకు ఎడమనుంచి అతనికిచ్చాడు. అతను ఒక్క అడుగులో ఒళ్లు తిప్పి కుడివైపు పొడుగ్గా కొట్టాడు. వెంకట్రామయ్య మేనల్లుడు దాన్ని అందుకుని పరుగెత్తి గోల్లోకి తన్నాడు.

గ్రౌండు ఊగిపోయింది. గోలు కొట్టినవాడు, బంతిచ్చినవాడు ఇద్దరూ కోబన్న మీదికే పరిగెత్తారు. ఒకడినొకడు చూసుకోకుండా పరిగెత్తి, అతని దగ్గర ఒకడికొకడు గుద్దుకున్నారు. ఏం చేయాలో తెలియక నిలబడ్డారు. కోబన్న ఇద్దరి మెడల చుట్టూ చేతులేసి దగ్గరికి లాక్కున్నాడు. జనం చేసిన గోలకు హజ్రా బీ చెవులు మూసుకుంది. తనకు తెలియకుండానే ఏడుస్తోందని పార్వతమ్మ చెప్పేదాకా ఆమెకు తెలియలేదు. ఎందుకేడుస్తున్నట్టో అదీ తెలియలేదు. కాగితం మీద ఇద్దరికి మాటిచ్చిన మనిషేనా ఇతను? అవును, అతనే. అతనే స్వయంగా ఒప్పుకున్నాడు కూడా.

అరగంట తర్వాత విరామం విజిల్ వేశారు. ఆటగాళ్లు కాలేజీ భవనం వెనక గదుల్లోకి వెళ్లారు. అప్పుడొచ్చాడు చాంద్ బాషా. చేతులకు, చొక్కాకు గ్రీజు. ఆడవాళ్ల షామియానాలోకి మగవాడు దూరకూడదని కూడా మరిచిపోయి తోసుకుంటూ వచ్చాడు.

"అమ్మీ, ఇంటికి పోయొచ్చా. పెట్టె తాళం ఎవరు పగలగొట్టారు?"

"నేనే పగలగొట్టా. నీ కోసమే చూత్తన్నా, రా. అల్లా ముందు నిలబడి ఏం చెప్పుకుంటావురా? ఒక మనిషి పాస్‌పోర్టు దాచి..."

"పాస్‌పోర్టు ఏం చేశావు?"

"అతని చేతిలో పెట్టా. అతనిది అతనికిచ్చా."

చాంద్ బాషా తల్లి భుజాలు రెండు చేతులతో పట్టుకున్నాడు. గ్రీజు బురఖాకు అంటుకుంది.

"అమ్మీ, నేను దాచలేదు. దాచమని ఆయనే ఇచ్చాడు. వచ్చిన రోజునే ఇచ్చాడు. 'నేనెంత బతిమాలినా, ఆఖరికి నేను ఏడ్చినా నా చేతికి మాత్రం ఇవ్వొద్దు చాంద్' అని నాచేత ఖురాన్ మీద చేయి పెట్టించి ఒట్టేయించుకున్నాడు."

హజ్రా బీకి వసారాలో అతనన్నది గుర్తొచ్చింది. "వద్దు, ఉండనీ" అన్న ఆ మాటని మర్యాద కోసం అన్నాడనుకుంది తను.

"ఎందుకు? ఎందుకు దాచమన్నాడు?"

"చేతికొత్తే వెళ్లిపోతానన్నాడు. కలకత్తాకి కాదు."

"ఘనాకా? ఇంటికా?"

"ఇంటికైతే ఇంత భయమెందుకమ్మీ! రెండు క్లబ్బులకీ దొరక్కుండా దేశం దాటిస్తానని ఒక ఏజెంటు ఆశపెట్టాడంట, ముందు పాస్‌పోర్టు లాక్కుని తర్వాత మనిషిని అమ్మేసే రకమంట వాడు."

విజిల్ మోగింది. గుంటూరు జట్టు గ్రౌండులోకి వచ్చింది. వాళ్ల వెనక నరసరావుపేట కుర్రాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. పార్వతమ్మ అలవాటు కొద్దీ లెక్కపెడుతోంది. పదిమంది దగ్గర ఆమె వేలు ఆగింది. వాళ్లూ వెనక్కి తిరిగి భవనం వైపు చూస్తున్నారు. నాగేశ్వరరావు కొడుకు చేతిలో ఎనిమిదో నంబరు చొక్కా ఉంది.

ముందువరసలో గొడుగాయన లేచి నిలబడి సఫారీ సూటాయన మీద వేలెత్తి బెంగాలీలో అరిచాడు. సఫారీ సూటాయన కూడా లేచి అదే అరుపు అరిచాడు. రెండు గుంపులూ అక్కడే ఉన్నాయి. ఒక్క మనిషి కూడా తగ్గలేదు. అంటే అతన్ని వాళ్లెవరూ తీసుకెళ్లలేదు.

"కోబన్నా! కోబన్నా!" అని పదివేల గొంతులు ఇంకా సంబరంగానే పిలుస్తున్నాయి. జనానికి సంగతి ఇంకా తెలియలేదు. అమరేశ్వరరావు పంచె ఎగ్గట్టుకుని షామియానా వైపు పరిగెత్తుకొస్తున్నాడు.

"ఒరేయ్ చాంద్, ఎక్కడికి పోతాడో నీకు తెలుసు. చెప్పు!" అంది హజ్రా బీ కొడుకు చొక్కా పట్టుకుని.

చాంద్ బాషా ఆమె పట్టు విడిపించుకున్నాడు. "తెలుసు కాబట్టే ఇన్నాళ్లూ తాళమేశానమ్మీ," అని, జనాన్ని తోసుకుంటూ రైల్వే స్టేషను రోడ్డు మీదికి పరిగెత్తాడు.